పెద్దవాళ్లకు స్మార్ట్ వాచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరాకో, షష్టిపూర్తికో, అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడో పిల్లలు అమ్మానాన్నలకు స్మార్ట్ వాచ్ కొనిస్తున్నారు. చాలా ఇళ్లలో నెల తిరక్కుండానే అది బీరువాలోకి చేరుతోంది. కింది ప్రశ్నల్లో కొన్ని కొనిచ్చేవాళ్లు అడిగేవి, కొన్ని పెట్టుకునేవాళ్లు అడిగేవి. నా సమాధానాలన్నిటికీ మూలం ఒకటే: వాచీలో ఏమేం ఉన్నాయని చూసేముందు, అది రోజంతా ఆ చేతికి ఉంటుందా లేదా అని చూడాలి.

మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆయనకు స్మార్ట్ వాచ్ అవసరమా?

అందరికీ అవసరం లేదు. ఒంటరిగా ఉంటున్నారా? ఈమధ్య ఎప్పుడైనా తూలి పడ్డారా? గుండె దడ ఎప్పుడెప్పుడు వస్తోందని డాక్టరు అడుగుతున్నారా? ఫోన్ హాల్లో వదిలేసి పెరట్లో తిరుగుతారా? వీటిలో ఒక్కదానికైనా అవునంటే ఆలోచించండి. ఇంటినిండా మనుషులుండి, ఆయన రోజూ హాయిగా నడిచొచ్చే మనిషైతే ఇప్పుడున్న ముళ్ల వాచీయే నయం. దానికి రోజూ చార్జింగ్ పెట్టే పని కూడా ఉండదు.

రెండు వేల వాచీకీ పాతిక వేల వాచీకీ తేడా ఏమిటి? చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

చూపులకు ఒకేలా ఉంటాయి, పనిలో కాదు. రెండు మూడు వేలకు దొరికే బ్లూటూత్ కాలింగ్ వాచీలు నిజానికి ఫోన్‌కి తోకలాంటివి. ఫోన్ దగ్గరుంటేనే కాల్ వస్తుంది, మెసేజ్ కనిపిస్తుంది. బ్లూటూత్ అందేది మామూలుగా ఓ పది మీటర్లు, మధ్యలో గోడలుంటే ఇంకా తక్కువ. ఫోన్ ఇంట్లో పెట్టి గుడికి వెళ్తే ఆ వాచీ టైమ్ చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, అంతే. డబ్బా మీద ‘ఎస్ఓఎస్’ (ఆపదలో సాయానికి పిలుపు) అని రాసి ఉన్నా, ఆ కాల్ కూడా ఫోన్ ద్వారానే వెళ్లాలి.

కింద పడితే తనంతట తాను గుర్తించే సదుపాయం నమ్మకంగా కావాలంటే ఆపిల్, శాంసంగ్, గూగుల్ పిక్సెల్ లాంటి వాచీల వైపు వెళ్లాలి. ఆపిల్‌లో తక్కువ ధరదైన ఎస్ఈ రకం 2025లో మన దేశంలో రూ. 25,900కు వచ్చింది. అందులో పడిపోతే గుర్తించడం ఉంది, ఈసీజీ లేదు. ఫోన్ లేకుండా బయటకు వెళ్లినా కాల్ వెళ్లాలంటే ఈసిమ్ (వాచీలోనే ఇమిడి ఉండే సిమ్) పనిచేసే సెల్యులార్ రకం కొనాలి. దానికి నెలనెలా ప్లాన్ ఖర్చు కూడా కలుస్తుంది కాబట్టి, కొనేముందే మీ ఆపరేటర్‌ని అడగండి.

ఇంకొకటి ముందే చూసుకోండి. ఆపిల్ వాచ్‌కి ఐఫోన్ కావాలి. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాత వచ్చినవి ఐఫోన్‌తో అసలు కలవవు. కొడుకు ఐఫోన్ వాడతాడు, నాన్నది ఆండ్రాయిడ్, తెచ్చింది ఆపిల్ వాచ్: ఈ కథ చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది.

పడిపోతే నిజంగా ఫోన్ వెళ్తుందా?

గట్టిగా పడితే వెళ్లే అవకాశం ఎక్కువ. మెల్లగా జారితే వెళ్లకపోవచ్చు.

ఆపిల్‌లో ఈ సదుపాయం 2018లో సిరీస్ 4తో మొదలైంది. ఒక్కసారిగా కిందికి రావడం, ఆ వెంటనే గట్టిగా తగలడం, చెయ్యి కదిలిన తీరు, వీటిని లోపలి సెన్సర్లు చూస్తాయి. పడ్డారని అనిపిస్తే వాచీ చేతిని తడుతుంది, మోగుతుంది, ‘బాగానే ఉన్నాను’ అని నొక్కమంటుంది. దాదాపు ఒక నిమిషం కదలిక లేకపోతే 30 సెకన్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ నంబరుకు కాల్ చేస్తుంది. ఆ తర్వాత మనం పెట్టిన కాంటాక్ట్‌లకు ఎక్కడున్నారో మెసేజ్ పంపుతుంది. ఇదంతా జరగాలంటే దగ్గర్లో ఫోన్ ఉండాలి, లేదా వాచీకే నెట్‌వర్క్ ఉండాలి.

పెద్దవాళ్లు పడే పద్ధతి వేరు. మంచం అంచు నుంచి జారిపోతారు. గోడ పట్టుకుని మెల్లగా కూలబడతారు. కుర్చీలో కూర్చోబోతే కుర్చీ పక్కకు జరుగుతుంది. వీటిలో గట్టి దెబ్బ ఉండదు కనుక వాచీకి తెలియకపోవచ్చు, కానీ లేవలేక గంటలు గంటలు అక్కడే ఉండిపోయేది ఇలాంటప్పుడే. అందుకే చేత్తో నొక్కి పిలిచే పద్ధతి కూడా నేర్పాలి. ఆపిల్‌లో పక్క బటన్ నొక్కి అలాగే పట్టుకోవడం, మిగతా వాటిలో బటన్ వరసగా చాలాసార్లు నొక్కడం ఉంటుంది. మీ వాచీలో ఏదో చూసి, అదొక్కటే వాళ్లతో మళ్లీ మళ్లీ చేయించండి.

సెట్టింగ్స్‌లో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది పుట్టిన తేదీ. వయసు 55 దాటిందని తెలిస్తే ఆపిల్ వాచ్ ఈ సదుపాయాన్ని తనే ఆన్ చేస్తుంది. కొడుకు హడావిడిలో తన పుట్టిన తేదీ కొట్టేస్తే చేయకపోవచ్చు. రెండోది ‘రిస్ట్ డిటెక్షన్’, అంటే వాచీ చేతికి ఉందో లేదో గుర్తించేది. అది ఆఫ్‌లో ఉంటే పడిపోయినా కాల్ తనంతట తాను వెళ్లదు. పాస్‌కోడ్ గొడవ వదిలించుకుందామని దీన్ని ఆఫ్ చేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

భజనలో చప్పట్లు కొట్టినా, పిండి గట్టిగా చరిచినా ఎప్పుడైనా పొరపాటున మోగవచ్చు. ‘బాగానే ఉన్నాను’ నొక్కితే సరిపోతుందని ముందే చెబితే కంగారు పడరు.

స్నానానికి వాచీ తీసేయాలా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. తడి నేల, సబ్బు నురుగు, పీట మీంచి లేవడం: ఇంట్లో జారిపడే అవకాశం ఎక్కువున్న చోటు బాత్రూమే. సరిగ్గా అక్కడికి వెళ్లేముందే వాచీ తీసి చార్జింగ్‌కి పెట్టేస్తాం.

5 ఏటీఎం (నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అని రాసి ఉన్న వాచీ చెంబుతో పోసుకునే నీళ్లకు ఏమీ కాదు. అయితే ఆ లెక్క మామూలు నీళ్లది. బాగా వేడి నీళ్లు, ఆవిరి, సబ్బు, నలుగుపిండి రోజూ తగిలితే నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు క్రమంగా దెబ్బతింటుంది. ఒంటరిగా ఉండే 78 ఏళ్ల అమ్మమ్మ విషయంలో వాచీ రెండేళ్లు ముందే పాడైనా ఫర్వాలేదనుకుని స్నానానికీ ఉంచుకోమంటాను. తర్వాత మంచినీళ్లతో కడిగి, కింద చర్మం పొడిగా తుడుచుకోవాలి. తోలు బెల్టు మాత్రం దీనికి పనికిరాదు.

నీళ్లు తగిలితే స్క్రీన్ తనంతట తాను ఏదేదో నొక్కుకుంటుంది. అలా కాకుండా తాకిడిని ఆపి ఉంచే ‘వాటర్ లాక్’ ఉంటుంది. ఫోన్ బాత్రూమ్‌కి ఎంత దూరంలో ఉంటుందో కూడా చూసుకోండి. తలుపు వేసుకుని లోపలి నుంచి ఒకసారి కాల్ చేసి చూస్తే తెలిసిపోతుంది.

మరి చార్జింగ్ ఎప్పుడు పెట్టాలి?

వాళ్లు కదలకుండా కూర్చునే వేళ. సాయంత్రం సీరియల్ టైమ్‌లోనో, మధ్యాహ్నం పేపరు చదివేటప్పుడో. ఆపిల్ వాచ్ మామూలుగా రోజుకోసారి చార్జింగ్ అడుగుతుంది. కంపెనీ చాలా ఏళ్లపాటు చెప్పిన లెక్క 18 గంటలు. షావొమీ, అమేజ్‌ఫిట్ బ్యాండ్లు వారం, రెండు వారాలు కూడా వస్తాయి. రాత్రి తీసి పెట్టే అలవాటు వద్దు. నిద్రమత్తులో బాత్రూమ్‌కి లేచేది అప్పుడే కదా.

చార్జర్‌ని టీవీ పక్కన కదలకుండా అతికించి ఉంచండి. అయస్కాంతంతో పట్టుకునే చార్జర్ సులువు. క్లిప్పులో సరిగ్గా ఇరికించాల్సింది, వెనకాల చిన్న పిన్నులు చూసి పెట్టాల్సింది అయితే కళ్లజోడు వెతుక్కోవాల్సి వస్తుంది.

మేం న్యూజెర్సీలో ఉంటాం, అమ్మ విజయవాడలో. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా మా నంబరు పెట్టాం. సరిపోతుందా?

సరిపోదు. అమ్మ పొద్దున పడిపోతే మీకు రాత్రి. ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. లేచి చూసుకున్నా మీరు చేయగలిగింది ఇక్కడి వాళ్లెవరికో ఫోన్ చేయడమే. మొదటి పేరు తలుపు తట్టగలిగే మనిషిది కావాలి: ఎదురింటి వాళ్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అదే ఊళ్లో ఉన్న మేనల్లుడు. వాళ్లను ముందే అడిగి, మెసేజ్ ఎలా వస్తుందో చూపించి, ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చి ఉంచండి. మీ నంబరు ఆ తర్వాత.

మన దేశంలో ఎమర్జెన్సీ నంబరు 112. అంబులెన్స్‌కి తెలుగువాళ్లందరికీ నోటికి వచ్చేది 108; అది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. వాచీ 112కి కాల్ చేసినా, వచ్చిన మనిషి 108కి చేసి ఫలానా సందు, ఫలానా గుడి పక్కన అని దారి చెప్పడం మన ఊళ్లలో ఇప్పటికీ అవసరం.

స్క్రీన్ మీద ఏదీ కనబడటం లేదంటున్నారు.

కంపెనీ ఇచ్చిన డయల్ తీసేయండి. అందులో ఎండ, గాలి, అడుగులు, చంద్రుడు అన్నీ ఉంటాయి, టైమ్ మాత్రం మూలన ఉంటుంది. నల్లటి నేల మీద పెద్ద తెల్లటి అంకెలు, కావాలంటే తేదీ, అంతే. ఆపిల్‌లో ‘ఎక్స్-లార్జ్’ డయల్ ఉంది. మిగతా వాటిలోనూ అలాంటిది ఒకటి దొరుకుతుంది. టెక్స్ట్ సైజు, బోల్డ్ అక్షరాలు, వెలుతురు పెంచండి. స్క్రీన్ ఆరిపోయే సమయం ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది. చెయ్యి ఎత్తి తిప్పితేనే వెలిగే వాచీ, భుజం పట్టేసిన వాళ్లకు నరకం. బ్యాటరీ తగ్గినా సరే, ఎప్పుడూ వెలిగి ఉండే స్క్రీన్ పెట్టండి.

వేలితో ఎంత నొక్కినా పలకదు. నా వేలే సరిగా లేదా?

మీ తప్పేం లేదండీ. ఈ తెరలు వేలిలోని తడి ద్వారా అందే చిన్న విద్యుత్ మార్పుతో పనిచేస్తాయి. వయసుతో చర్మం పొడిబారుతుంది, కాయలు కాసిన వేళ్లయితే ఇంకా కష్టం. కొంచెం తడి చేసుకుని తాకితే మార్పు తెలుస్తుంది. చాలామంది స్క్రీన్‌ని గట్టిగా అదిమి పట్టుకుంటారు. అలా చేస్తే దాన్ని వేరే ఆజ్ఞ అనుకుని డయల్ మార్చే పేజీ తెరుస్తుంది. చేతులు వణికేవాళ్లకు సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’ కింద తాకే వ్యవధి మార్చుకునే వీలు కొన్నింటిలో ఉంది. కొనేటప్పుడే నిజమైన బటన్, తిప్పే మర ఉన్నది చూసుకుంటే సగం బాధ తప్పుతుంది.

తెలుగు మెసేజ్‌లు గళ్లు గళ్లుగా వస్తున్నాయి.

చవక వాచీల్లో తెలుగు ఫాంట్ ఉండదు, ఉన్నా ఒత్తులు విడిపోతాయి. కంపెనీ అప్‌డేట్‌తో బాగుపడితే పడాలి. కొనేముందు దుకాణంలోనే మీ ఫోన్‌కి జతచేసి, ‘అమ్మా, భోంచేశావా?’ అని ఒక వాట్సాప్ పంపించి చూడండి.

వాచీలో బీపీ చూపిస్తోంది. నమ్మవచ్చా?

రెండు వేల వాచీలో కనిపించే బీపీ అంకెను చూసి మందు మార్చకండి. మాత్ర మానకండి, ఎక్కువా వేసుకోకండి. ఆకుపచ్చ లైటుతో రక్తం కదలికను చూసి, వయసూ బరువూ కలిపి వేసే అంచనా అది.

శాంసంగ్ వాచీలోనూ చేతికి కట్టే బీపీ మిషన్‌తో ముందు సరిచూసుకోవాలి, నాలుగు వారాలకోసారి మళ్లీ చేయాలి. అంటే ఇంట్లో బీపీ మిషన్ ఎలాగూ ఉండాలి! హువావే వాచ్ డీ లాంటివి బెల్టులోనే గాలి నింపి కొలుస్తాయి. ఆ పద్ధతి వేరు. ఆపిల్ 2025లో తెచ్చినదైతే అంకె చూపించదు. 30 రోజుల తీరు చూసి బీపీ ఉండవచ్చని హెచ్చరిస్తుంది. బీపీ ఉందని ఇప్పటికే తెలిసినవాళ్ల కోసం అది ఉద్దేశించినది కాదు, కాబట్టి రోజూ మాత్ర వేసుకునే మన పెద్దవాళ్లలో చాలామందికి దానితో పనిలేదు. భుజం కింద కట్టే మంచి మిషన్ కొని, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసుకుని, నోట్‌బుక్‌లో రాయండి.

సూది లేకుండా షుగర్ చూసే వాచీ?

కొనకండి. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

ఈసీజీ సంగతి?

ఇది కొంత ఉపయోగం ఉన్నదే. 30 సెకన్లు వేలు పెట్టి ఉంచితే గుండె లయ తప్పుతోందా అన్నది ఒక కోణం నుంచి నమోదు చేస్తుంది. దడగా ఉన్న ఆ క్షణంలోనే తీసుకోగలగడమే దీని బలం. ఆసుపత్రికి వెళ్లేసరికి దడ తగ్గిపోవడం అందరికీ తెలిసిన బాధే. పీడీఎఫ్‌గా డాక్టరుకు పంపవచ్చు.

గుండెపోటును మాత్రం ఇది పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే వాచీ ‘నార్మల్’ అన్నా సరే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసీజీ తీయకుండానే నాడి తీరు చూసి హెచ్చరించే పద్ధతి వేరే ఉంది. దాని మీద అమెరికాలో నాలుగు లక్షలమందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2019లో వచ్చింది. మొత్తం మీద హెచ్చరిక అందుకున్నది 0.52 శాతమే కానీ, 65 దాటినవారిలో సుమారు 3 శాతం. హెచ్చరిక వచ్చాక ఈసీజీ ప్యాచ్ (ఛాతీకి అతికించి ఉంచే ఈసీజీ పట్టీ) పెట్టుకున్నవారిలో మూడోవంతు మందికి నిజంగానే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) కనబడింది. హెచ్చరిక వస్తే కొట్టిపారేయకూడదు, అలాగని హడలిపోనూ అక్కర్లేదు. డాక్టరుకు చూపించాలి.

ఆక్సిజన్ 89 చూపించింది! ఏం చేయాలి?

ముందు మనిషిని చూడండి. ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం ఉంటే వెంటనే ఆసుపత్రి. ఇవేవీ లేకపోతే బెల్టు బిగించి, చెయ్యి బల్ల మీద పెట్టి, చల్లగా ఉంటే కాస్త వెచ్చబడ్డాక మళ్లీ చూడండి. వేలికి పెట్టే మిషన్‌తో పోల్చండి. ముదురు రంగు చర్మం మీద వేలి మిషన్లు కూడా ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయని 2020లో తేలింది. కాబట్టి 96 ఉంది కదా అని ఆయాసపడుతున్న మనిషిని ఇంట్లోనే కూర్చోబెట్టకూడదు కూడా.

పేస్‌మేకర్ ఉంది. పెట్టుకోవచ్చా?

మీ కార్డియాలజిస్టును అడిగాకే. వాచీలో, చార్జర్‌లో, కొన్ని బెల్టుల్లో అయస్కాంతాలుంటాయి. ఆపిల్ చెప్పేది పేస్‌మేకర్‌కి 15 సెంటీమీటర్లు, వైర్‌లెస్ చార్జింగ్ జరుగుతుంటే 30 సెంటీమీటర్లు దూరం. చెయ్యి ఛాతీ మీద వేసుకుని పడుకునే అలవాటుంటే ఇది ఆలోచించాల్సిన విషయం. చార్జర్‌ని చొక్కా జేబులో పెట్టుకోకండి. ఒంట్లో కొవ్వు, కండ శాతం కొలిచే సదుపాయం చిన్న కరెంటు పంపుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు.

గాజులున్న చేతికి ఎలా?

గాజులు తీయమనకండి, ఆ మాటతోనే వాచీ పని అయిపోతుంది. మణికట్టు ఎముకకు ఓ వేలెడు పైన వాచీ పెట్టి, గాజులు దాని కిందకి వచ్చేలా చూడండి. గాజు వచ్చి స్క్రీన్‌కి తగులుతుంటే రెండో చేతికి రెండు గాజులు ఎక్కువ వేసుకుని ఈ చేతికి తగ్గించుకునేవాళ్లూ ఉన్నారు. ఏ చేతికి పెట్టారో సెట్టింగ్స్‌లో మార్చాలి.

కీళ్లనొప్పులున్న వేళ్లకు చిన్న రంధ్రాల బెల్టు పెట్టుకోవడం పెద్ద పరీక్ష. అతికించి లాగే వెల్‌క్రో బెల్టు మేలు. దురద వస్తే చాలాసార్లు కారణం కింద మిగిలిపోయిన సబ్బు, చెమట. కడిగి ఆరబెట్టి, ఒకరోజు చెయ్యి మార్చండి. తగ్గకపోతే చర్మ వైద్యుడు.

రోజుకు పదివేల అడుగులు కావడం లేదని మామగారు బాధపడుతున్నారు.

పదివేలనేది వైద్యులు కనిపెట్టిన గీత కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క మిషన్‌తో ప్రచారంలోకి వచ్చింది. సగటు వయసు 72 ఉన్న మహిళల మీద 2019లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక తేడా పెద్దగా లేదు. లక్ష్యాన్ని ఆయన ఇప్పుడు నడిచేదానికి ఓ ఐదొందలు పైన పెట్టండి.

వాకర్ పట్టుకుని నడిచేవాళ్ల చెయ్యి ఊగదు, అందుకని వాచీ తక్కువ లెక్కపెడుతుంది. బద్ధకమని కాదు.

వాచీ పెట్టుకున్నప్పటి నుంచి ఆవిడకు టెన్షన్ ఎక్కువైంది.

అవుతుంది. గంటకోసారి పల్స్ చూసుకోవడం, నిద్ర స్కోరు తక్కువొచ్చిందని పొద్దున్నే దిగులుపడటం మామూలే. నీళ్లు తాగమని, లేచి నిలబడమని, ఊపిరి పీల్చమని వచ్చేవన్నీ ఆపేయండి. వాట్సాప్ గ్రూపుల నోటిఫికేషన్లు కూడా. కాల్స్, మందుల టైమ్, ఎమర్జెన్సీ: మూడే ఉంచండి. పల్స్ అంకెను డయల్ మీద నుంచి తీసేసినా లోపల నమోదవుతూనే ఉంటుంది.

ఎక్కువగా వాడేది ఏది?

‘ఫోన్ ఎక్కడ పెట్టానో’ అని వాచీ నొక్కి ఫోన్ మోగించడం. పాతిక వేల వాచీకైనా, రెండు వేల వాచీకైనా మొదట ప్రేమ పుట్టేది దీనితోనే. ముందు ఇదే నేర్పండి.

అమ్మ ఎక్కడుందో, ఎప్పుడు పడుకుందో నా ఫోన్‌లో చూడొచ్చా?

అమ్మ ఒప్పుకుంటే. ఆవిడకు చెప్పకుండా చూస్తే, ఏదో ఒకరోజు ‘నిన్న రాత్రి రెండింటి దాకా మేలుకున్నావేం?’ అని మీ నోటి నుంచే జారుతుంది. ఆ మర్నాటి నుంచి వాచీ చేతికి ఉండదు. ఏవి చూస్తారో, ఎవరెవరు చూస్తారో చెప్పి, వద్దన్నవి ఆపేయండి. కోడలు చూడటం ఇష్టం లేదంటే అదీ ఆవిడ ఇష్టమే.

ఎంత చెప్పినా పెట్టుకోనంటున్నారు.

బలవంతపెట్టకండి. ఒక్కోసారి కారణం చిన్నదే: బరువుగా ఉంది, నల్లగా ఉంది, పెళ్లిలో ‘ఇదేంటి పిన్నీ’ అని ఎవరో నవ్వారు. బెల్టు రంగు మారిస్తే ఒప్పుకునేవాళ్లున్నారు. అప్పటికీ వద్దంటే ఆ డబ్బుతో బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు వేయించండి, జారని మ్యాట్ పరచండి, రాత్రి దారిలో చిన్న లైటు పెట్టండి. బాత్రూమ్ గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా మార్పించండి. లోపల నేల మీద నుంచి అందేంత కిందికి కాలింగ్ బెల్ స్విచ్చి ఒకటి పెట్టడానికి ఎలక్ట్రీషియన్‌కి అరపూట పని. పొద్దున ఏడింటికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు ఎదురింటి వాళ్లతో చేసుకోవచ్చు. పెన్షన్, వేధింపులు, ఆశ్రయం లాంటి విషయాల్లో సలహా కావాలంటే పెద్దల కోసం 14567 ఎల్డర్ లైన్ ఉంది. కాల్ ఉచితం, మామూలు కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా చేయవచ్చు.